రెండో గొంతు లేని ఊరు

1978 నవంబర్ 17 రాత్రి గయానా అడవుల్లో జిమ్ జోన్స్ అనే మతనాయకుడి కాలనీ జోన్స్‌టౌన్‌లో పెద్ద సభ జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు లియో రయన్ మైకు అందుకున్నాడు. తమ బతుకులో ఇంతకన్నా మంచి జరగలేదని ఇక్కడ కొందరు నమ్ముతున్నట్టు తనకు అర్థమైందన్నాడు. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఆయన చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. అదే రాత్రి ఆయన వెంట వచ్చిన టీవీ విలేఖరి డాన్ హ్యారిస్ చేతిలో ఒకతను రహస్యంగా చీటీ పెట్టాడు. తననూ, ఇంకొకామెనూ ఇక్కడి నుంచి బయటపడేయమని అందులో రాసి ఉంది. మర్నాడు మరికొన్ని కుటుంబాలు ముందుకొచ్చాయి. మధ్యాహ్నానికి పదిహేను మంది దాకా రయన్‌తో వెళ్లిపోతామన్నారు. పోర్ట్ కైతుమాలోని చిన్న విమానాల మైదానం దగ్గర జోన్స్ మనుషులు కాల్పులు జరిపి రయన్, హ్యారిస్ సహా ఐదుగురిని చంపారు. ఆ రాత్రి గడిచేసరికి కాలనీలో 909 మంది, దాదాపు అందరూ విషంతో, చనిపోయారు. వాళ్లలో దాదాపు 300 మంది పిల్లలు. రాజధాని జార్జ్‌టౌన్‌లో చనిపోయిన నలుగురిని కూడా కలిపితే మొత్తం 918.

ఇంతమంది ఎలా చనిపోయారన్న ప్రశ్నకు రెండు జవాబులు అప్పుడే తయారయ్యాయి, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఒకటి, ఆ జనం మూర్ఖులు, ఎవరో ఒకరి కాళ్ల మీద పడితే తప్ప బతకలేని బలహీనులు. రెండు, జిమ్ జోన్స్ వాళ్ల మెదళ్లను కడిగి తనకు కావలసింది నింపాడు. రెండూ తప్పని నా వాదన. నవంబర్ 17న చప్పట్లు కొట్టినవాళ్లూ, చీటీ రాసినవాళ్లూ ఒకే సభలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు. సందేహం వాళ్లలో చాలామందికి ఉంది. తన పక్కనున్న మనిషికీ అదే సందేహం ఉందని మాత్రం ఎవరికీ తెలియదు, తెలుసుకునే దారి లేదు. జోన్స్ ఇరవై ఏళ్ల పాటు కట్టుకుంటూ వచ్చింది ఆ దారి లేకుండా చేసే ఏర్పాటునే. అనుయాయుల నమ్మకం కన్నా అనుయాయుల మధ్య మాట మీదే ఇలాంటి నాయకుడి పట్టు ఉంటుంది. జోన్స్ చర్చి పీపుల్స్ టెంపుల్ చరిత్రను ఈ కోణంలో మొదటి నుంచి చూస్తే ఆ చివరి రాత్రి అంత వింతగా కనబడదు, అంతకన్నా భయంకరంగా కనబడుతుంది.

జోన్స్ 1931లో ఇండియానా రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టాడు. 1950ల మధ్యలో ఇండియానాపోలిస్‌లో చర్చి పెట్టాడు. 1920ల్లో జాతివాద సంస్థ కు క్లక్స్ క్లాన్ రాజ్యమేలిన రాష్ట్రం అది. ఆ నగరంలో నల్లవాళ్ల చర్చి వేరు, తెల్లవాళ్ల చర్చి వేరు. జోన్స్ చర్చిలో మాత్రం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. పేదలకు ఉచితంగా అన్నం పెట్టారు, ముసలివాళ్లకు ఆశ్రయ గృహాలు నడిపారు. జోన్స్, అతని భార్య మార్సెలిన్ 1961లో ఒక నల్ల పిల్లవాడిని దత్తత తీసుకున్నారు. తెల్ల దంపతులు అలా చేయడం ఆ రాష్ట్రంలో అదే మొదటిసారని చెబుతారు. ఆ రోజుల్లోనే నగర మానవ హక్కుల కమిషన్‌కు జోన్స్‌ను అధిపతిని చేశారు. హయసింత్ థ్రాష్ అనే నల్లజాతి స్త్రీ, ఆమె చెల్లెలు టీవీలో ఈ చర్చి బృందగానం చూశారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వరసలో నిలబడి పాడుతున్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ చర్చిలో చేరారు. పుట్టినప్పటి నుంచి వెనక బెంచీలకు తోసేసిన దేశంలో ముందు బెంచీ చూపించినవాడి దగ్గరికి మనిషి వెళ్లడంలో మూర్ఖత్వం ఏముంది? ఆ రోజుకు ఆ నిర్ణయం సరైనదే. ఉన్మాద మతంలో చేరుతున్నానని తెలిసి ఎవరూ చేరరు. ఒక మంచి పనిలో చేరతారు. ఆ మంచి పని నిజంగానే జరుగుతూ ఉంటుంది కాబట్టే, తర్వాత జరిగే చెడుకు మనసు సర్దుబాటు వెతుక్కుంటుంది.

ఆ తొలి రోజుల్లోనే ఒక విత్తనం పడింది. జోన్స్ 1950ల చివర్లో ఫిలడెల్ఫియా వెళ్లి, తనను దేవుడిగా కొలిపించుకున్న ఫాదర్ డివైన్ అనే నల్లజాతి మతనాయకుణ్ణి కలిశాడు. అనుయాయులు నాయకుణ్ణి తండ్రి అని పిలవడం, ఆస్తులు సమష్టిగా పెట్టడం అక్కడ చూశాడు. తిరిగొచ్చాక తన చర్చిలో ఒక విచారణ సంఘం పెట్టాడు. నాయకుడి గురించి ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో నిలదీసి అడగడం దాని పని. సిద్ధాంతం, బోధన తర్వాత ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. బైబిలు పట్టుకుని మొదలైన మనిషి చివరికి బైబిలును నేలకేసి కొట్టి సోషలిజమే దైవమన్నాడు. ఈ విచారణ సంఘం పద్ధతి మాత్రం మారలేదు, ఏటికేడు ముదిరింది.

1965లో జోన్స్ 140 మంది దాకా అనుచరులతో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ వ్యాలీకి మకాం మార్చాడు. అణుయుద్ధం వస్తుందని, ఆ లోయ మాత్రం మిగులుతుందని చెప్పాడు. యుద్ధం రాలేదు, చర్చి పెరిగింది. శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్‌లలో శాఖలు వెలిశాయి. సభ్యులు ఆదాయంలో నాలుగో వంతు ఇచ్చేవారు. తర్వాత చాలామంది ఇల్లు అమ్మేసి, పెన్షను చెక్కు అప్పగించి, టెంపుల్ వాళ్ల ఇళ్లలో పదేసి మంది కలిసి ఉండటం మొదలుపెట్టారు. ఇక్కడే ఆ యంత్రాంగం పూర్తి రూపం తీసుకుంది. రాత్రంతా సాగే సభల్లో ఒక సభ్యుణ్ణి లేపి, అతని తప్పులు అందరి చేతా చెప్పించేవారు. భర్త తప్పు భార్య చెప్పాలి, తల్లి తప్పు పిల్లలు చెప్పాలి. చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. తర్వాత బెత్తం దెబ్బలు వచ్చాయి. అందరి చేతా ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. పిల్లల్ని హింసించామనో, దొంగతనం చేశామనో తాము చేయని నేరాలు చేసినట్టు రాసిచ్చినవాళ్లూ ఉన్నారు. పైకి ఇది విధేయతా పరీక్ష. దాని అసలు పని మాత్రం వేరు. ఆ కాగితం ఉన్నంత కాలం బయటికి వెళ్లినవాడి మాట బయట చెల్లదు. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తారో తెలియదు గనక లోపలివాడు లోపలివాడితో మాట్లాడలేడు. పడకగదిలో మొగుడూ పెళ్లాం గుసగుసగా కూడా సందేహం చెప్పుకోలేని స్థితి అది.

స్వస్థత కూటాల సంగతే చూడండి. జోన్స్ చేయి పెడితే క్యాన్సర్ గడ్డ ఊడి వచ్చేది. అది కోళ్ల పేగులూ కందనకాయలూ లాంటి వ్యర్థం. ముందే సిద్ధం చేసి, రోగి నోట్లోంచో శరీరంలోంచో తీసినట్టు చూపించేవారు. ఆ మోసానికి లోపలి మనుషులు కొందరు కావాలి, ఉన్నారు. వాళ్లు మూఢభక్తులు కారు, అదంతా అబద్ధమని వాళ్లకు తెలుసు. పేదవాడికి న్యాయం జరగాలంటే కొంత నాటకం తప్పదని ఎవరికి వాళ్లు సర్దిచెప్పుకున్నారు. తక్కిన సహాయకులు ఏమనుకుంటున్నారో ఎవరూ ఎవరినీ అడగలేదు. రహస్యం పంచుకున్నవాళ్లు కూడా అనుమానం పంచుకోలేదన్నమాట. నాయకుడి మోసం తెలిసినవాళ్లే నాయకుణ్ణి ఎక్కువకాలం కాపాడటం ఇలాంటి గుంపులన్నింటా కనబడే సంగతి.

మరి మెదడు కడగడం అనే వాదన మాటేమిటి? కొరియా యుద్ధ కాలంలో పుట్టిన ఆ ఊహ 1970ల్లో అమెరికా అంతటా పాకింది. దాన్ని తూకం వేయడానికి మంచి ఆధారం బ్రిటన్ సమాజ శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ పని. యూనిఫికేషన్ చర్చి అనే మత సంస్థ శిబిరాలకు వెళ్లినవాళ్లను ఆమె ఏళ్ల తరబడి గమనించి 1984లో పుస్తకం రాశారు. ఏ మంత్రం వేసి మనుషుల్ని లాక్కుంటున్నారని లోకం భయపడిందో, ఆ శిబిరాలకు వెళ్లినవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా చేరకుండానే తిరిగి వెళ్లిపోయారు. చేరినవాళ్లలోనూ చాలామంది కొన్నేళ్లలో తమంతట తామే బయటికొచ్చారు. పీపుల్స్ టెంపుల్ నుంచి కూడా జనం వెళ్లిపోతూనే ఉన్నారు. ఎలా వెళ్లారన్నది చూడాలి. 1973లో ఎనిమిది మంది కుర్రవాళ్లు ఒకేసారి పారిపోయారు. చదువుకుంటున్న పిల్లలు, తోటివాళ్ల మధ్య కాస్త స్వేచ్ఛగా మాట్లాడుకునే వీలున్నవాళ్లు. నల్లవాళ్ల కోసం అంటూ పెట్టిన సంస్థలో పెత్తనమంతా తెల్లవాళ్లదే ఎందుకైందని ఉత్తరం రాసిపెట్టి వెళ్లారు. కడిగేసిన మెదళ్లు అడిగే ప్రశ్న కాదది. వాళ్లు వెళ్లిన తర్వాత జోన్స్ తన దగ్గరివాళ్ల ముందు మొట్టమొదటిసారిగా సామూహిక మరణం మాట ఎత్తాడని ఆ దగ్గరివాళ్లే తర్వాత చెప్పారు. ఎనిమిది మంది పోతే వేలమంది ఉన్న సంస్థకు పోయేదేముంది? పోయింది సంఖ్య కాదు, ఎవరూ మాట్లాడుకోలేరన్న భరోసా.

బయటి గొంతులు కూడా మూగబోయాయని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మొత్తం నేరం లోపలివాళ్ల మీద తోసేయడం అన్యాయం. 1972లోనే శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్‌లో లెస్టర్ కిన్‌సాల్వింగ్ అనే విలేఖరి జోన్స్ మహిమల మీద వరసగా వ్యాసాలు రాశాడు. టెంపుల్ జనం పత్రికాఫీసు ముందు బైఠాయించారు, వ్యాసాల వరస మధ్యలో ఆగిపోయింది. 1975 మేయర్ ఎన్నికల్లో జార్జ్ మాస్కోనీ కోసం టెంపుల్ సభ్యులు వీధివీధీ తిరిగారు. మరుసటి ఏడాది జోన్స్ నగర గృహనిర్మాణ సంస్థలో సభ్యుడయ్యాడు, ఆ తర్వాత దాని అధ్యక్షుడయ్యాడు. ఓట్లు తెచ్చిపెట్టే గురువు గడప తొక్కని నాయకుడు ఎక్కడా ఉండడు, అమెరికాలోనూ అంతే. మేయర్లూ శాసనసభ్యులూ వేదిక మీద పొగుడుతుంటే కింద కూర్చున్న సందేహి ఏమనుకోవాలి? తప్పు తనలోనే ఉందనుకుంటాడు. 1977 ఆగస్టులో న్యూ వెస్ట్ పత్రిక, బయటికొచ్చినవాళ్ల పేర్లతో సహా దెబ్బలూ దొంగ మహిమలూ బయటపెట్టింది. ఆ సంచిక రాకముందే జోన్స్ గయానాకు చేరుకున్నాడు.

గయానా అంటే మనవాళ్లకు క్రికెటర్లు కన్హాయ్, లాయిడ్, కాళీచరణ్‌ల దేశం. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి అక్కడి చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. జోన్స్‌కు ఆ దేశం నచ్చిన కారణాలు వేరు. ఇంగ్లిషు మాట్లాడే దేశం, నల్లజాతి ప్రధాని ఫోర్బ్స్ బర్న్‌హమ్ నడిపే సోషలిస్టు ప్రభుత్వం. వెనిజులాతో సరిహద్దు తగాదా ఉన్న వాయవ్య మూలలో అమెరికన్లు కాపురముంటే ఆ ప్రభుత్వానికీ మంచిదే. 1974లో దాదాపు 3,800 ఎకరాలు కౌలుకు దొరికాయి. 1977 వేసవిలో వందల మంది వచ్చి పడ్డారు. ముప్పావు వంతుకు దగ్గరగా నల్లవాళ్లు, అందులో పెద్ద భాగం స్త్రీలు, ముసలివాళ్లూ పిల్లలూ చాలామంది. దిగగానే పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. చుట్టూ అడవి. బయటి లోకంతో ఉన్న లింకల్లా హామ్ రేడియో ఒకటి, అది నాయకత్వం చేతిలో. ఉత్తరాలు చదివిన తర్వాతే పంపేవారు. పొలం పని, బియ్యపు జావ లాంటి తిండి, పొద్దున్నుంచి రాత్రి దాకా లౌడ్‌స్పీకర్లలో జోన్స్ గొంతు. మనుషులు మాట్లాడుకునే చోటా, సమయమూ లేకుండా ఒక ఊరికి ఊరే కట్టారు.

ఆ ఊరు ఎలా పనిచేసిందో చూడాలంటే డెబొరా లేటన్ కథ చాలు. టెంపుల్ డబ్బు వ్యవహారాలు చూసిన యువతి ఆమె. క్యాన్సర్‌తో ఉన్న తల్లి లీసాతో కలిసి 1977 డిసెంబర్‌లో జోన్స్‌టౌన్ చేరింది. కొన్నాళ్లలోనే అది జైలని అర్థమైంది. 1978 మేలో జార్జ్‌టౌన్‌లో పని మీద ఉన్నప్పుడు అమెరికన్ ఎంబసీ సాయంతో తప్పించుకుంది. తల్లికి ఒక్క మాట చెప్పలేదు. చెబితే తల్లి తనను పట్టిస్తుందో, చెప్పిన నేరానికి తల్లినే శిక్షిస్తారో తెలియదు. కన్నతల్లికి కూడా మనసు విప్పలేని చోట పరాయివాడికి ఎవడు విప్పుతాడు? తల్లి అక్టోబర్ ఆఖర్లో అక్కడే చనిపోయింది. అన్న లారీ నవంబర్ 18న, పారిపోతున్నవాడిలా నటించి విమానం ఎక్కి తోటివాళ్ల మీద కాల్పులు జరిపాడు. డెబొరా జూన్‌లో ప్రమాణపత్రం ఇచ్చింది. అందులో ఆమె వర్ణించిన 'తెల్ల రాత్రులు' ఐదు నెలల ముందే అంతా చెప్పేశాయి. అర్ధరాత్రి సైరన్ మోగుతుంది, అందరూ మండపంలో చేరాలి, శత్రువులు చుట్టుముట్టారంటారు. ఒక రాత్రి అందరినీ వరసలో నిలబెట్టి ఎర్రటి ద్రవం తాగించారు, అది విషమన్నారు. చనిపోతామనుకున్న సమయానికి, ఇది పరీక్ష మాత్రమేనని చెప్పి పంపేశారు.

ఈ పరీక్ష నేర్పింది చావు కాదని నా అభిప్రాయం. తాగిన ప్రతి మనిషీ, తన చుట్టూ ఉన్నవాళ్లంతా తాగడం చూశాడు. ఎవరూ కాదనలేదు. తక్కినవాళ్లు కూడా తనలాగే భయపడి తాగారేమోనన్న అనుమానం కన్నా, వాళ్లు నిజంగా సిద్ధపడ్డారన్న నిర్ధారణే అతనికి మిగిలింది. ఇలా ఎన్నో రాత్రులు గడిచాక, ఎవరూ నమ్మని ఒక విషయాన్ని అందరూ నమ్ముతున్నారని ప్రతివాడూ నమ్మే స్థితి వస్తుంది. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం దీనికి దగ్గరి సాక్ష్యం. గీతల పొడవు పోల్చమంటే, చుట్టూ ఉన్నవాళ్లంతా కూడబలుక్కుని తప్పు చెప్పినప్పుడు మామూలు కాలేజీ కుర్రవాళ్లు మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పుకే తలూపారు. గుంపులో ఒకే ఒక్కడు నిజం చెబితే చాలు, ఆ తలూపడం నాలుగో వంతుకు పడిపోయింది.

నవంబర్ 18 సాయంత్రం మండపంలో ఆ ఒక్కరు లేచారు. ఆ సభ తాలూకు ముప్పావు గంట దాకా సాగే టేపు మిగిలింది. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ క్రిస్టీన్ మిల్లర్ మైకు దగ్గరికి వచ్చి, రష్యాకు వెళ్లే వీలు లేదా అని జోన్స్‌ను అడిగింది. వెళ్లిపోయినవాళ్లు కొద్దిమందే కదా, వాళ్ల కోసం ఇంతమంది ఎందుకు చావాలంది. పసిపిల్లలకు బతికే హక్కుందంది. ఎవరి ప్రాణం మీద నిర్ణయం వాళ్లదేనంది. జోన్స్ మొదట ఆమెతో మర్యాదగానే వాదించాడు. తర్వాత జిమ్ మెకెల్వేన్ అనే అనుచరుడు అందుకుని, జోన్స్ లేకపోతే నువ్వీరోజు ఇక్కడ నిలబడి ఉండేదానివే కాదన్నాడు. జనం కేకలేశారు. ఆమెకు తోడుగా రెండో గొంతు లేవలేదు. ఆమె కూర్చుంది, ఆ రాత్రి అక్కడే చనిపోయింది. ఆ సభలో ఆమె మాట సబబనుకున్నవాళ్లు ఎంతమందో చెప్పలేం. కానీ అదే రోజు పొద్దున పిక్నిక్‌కని చెప్పి పదకొండు మంది అడవిలోకి జారుకున్నారు. రైలు పట్టాల వెంట నడిచి మాథ్యూస్ రిడ్జ్ చేరి బతికారు. మధ్యాహ్నం ఒక కుటుంబంలో భర్త పిల్లల్ని తీసుకుని బయల్దేరితే భార్య అడ్డం పడింది. ఆ ఊళ్లో అందరిదీ ఒకే మనసు అన్నది జోన్స్ చెప్పిన మాట, మనం దాన్ని ఇప్పటికీ అతని తరఫున చెబుతున్నాం.

దీనికి ఎదురువచ్చే మాటలు కొన్ని ఉన్నాయి, తేలికగా తీసేయదగ్గవి కావు. కొందరు ఇష్టపడే చనిపోయారు కదా? నిజమే. టేపులో జోన్స్‌కు కృతజ్ఞతలు చెప్పినవాళ్లున్నారు, రాసిపెట్టి చనిపోయినవాళ్లున్నారు. కానీ ముందుగా విషం పట్టింది పిల్లలకు. సిరంజీలతో గొంతులో పోశారు. కన్నబిడ్డ పోయాక తల్లికి బతకాలన్న మాట ఏముంటుంది? చుట్టూ తుపాకులున్న కాపలాదార్లు నిలబడ్డారు. శవాలను చూసిన గయానా ప్రభుత్వ వైద్యుడు లెస్లీ మూటూ, సూదులు గుచ్చిన గుర్తులు చూశానని, ఇందులో హత్యలు చాలా ఉన్నాయని చెప్పారు. మరో మాట, బయటి ఒత్తిడి వల్లే ఇదంతా జరిగిందని. సభ్యుల బంధువులు పెట్టిన సంఘం, పిల్లల అప్పగింత కేసులు, రయన్ పర్యటన కలిసి జోన్స్‌ను మూలకు నెట్టాయంటారు. ఆ ఒత్తిడి ఉన్నమాట వాస్తవం. పదిహేను మంది వెళ్లిపోతే తక్కిన తొమ్మిది వందల మందితో ఏ ఊరైనా నడుస్తుంది, పొలం దున్నుకుంటుంది. నడవలేని ఊరు ఒకటే: ఒకడు వెళ్లాడంటే తక్కినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారని నాయకుడు భయపడే ఊరు. ఇక జోన్స్ మత్తుమందులకు బానిసై మతి చెడినవాడు, ఇందులో పాఠమేముందంటారు. చివరి ఏళ్లకు అది నిజం. 1950ల్లో విచారణ సంఘం పెట్టిన జోన్స్‌కు ఆ వ్యసనం లేదు.

నా వాదనకు నిజంగా గట్టి ఎదురు, 1997లో కాలిఫోర్నియాలోనే 39 మంది ప్రాణాలు తీసుకున్న హెవెన్స్ గేట్ అనే గుంపు. అక్కడ కంచె లేదు, తుపాకీ లేదు, వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లారు. అయినా చనిపోయారంటే నమ్మకమే చంపిందనాలి కదా? కొంతవరకు ఒప్పుకోవాలి. అక్కడ పట్టు మరో దారిలో బిగిసింది. 1970ల్లో వందల్లో ఉన్న గుంపు ఇరవై ఏళ్లలో కొద్దిమందికి వచ్చింది. సందేహించినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి మిగిలినవాళ్లలో ఎదురుచెప్పే గొంతు దానంతట అదే లేకుండా పోయింది. జోన్స్ నోరు నొక్కి సాధించింది, అక్కడ వడపోతతో జరిగింది.

చనిపోయినవాళ్లలో నాలుగు వందల మందికి పైగా శవాలను తీసుకునేవాళ్లు లేక, గుర్తుపట్టేవాళ్లు లేక ఓక్లాండ్‌లోని ఎవర్‌గ్రీన్ శ్మశానంలో సామూహికంగా పూడ్చారు. ఆ సాయంత్రం సభకు వెళ్లకుండా తన గదిలో నిద్రపోయిన హయసింత్ థ్రాష్ మర్నాడు లేచి చూస్తే ఊరంతా శవాలు. ఇరవై ఏళ్ల కింద తనతో పాటు చర్చిలో చేరిన చెల్లెలు కూడా వాటిలో ఉంది. ఇలాంటి గుంపులో ఇవాళ మనిషి చిక్కుకున్న కుటుంబాలు తెలుగు నేల సహా ప్రతిచోటా ఉన్నాయి. వాళ్లకు నేను చెప్పేది ఇంతే. గురువు బూటకమని ఆ మనిషితో వాదించి గెలవాలని చూడకండి. ఆ సంగతి అతనికి మీకన్నా ముందే తెలిసి ఉండవచ్చు. మీ ఫోను, మీ ఉత్తరం, పండక్కి మీ పిలుపు మాత్రం ఆపకండి. అతను ఏదైనా అడిగితే విని, ఎవరికీ చెప్పకండి. అతనితో పాటు అందులో ఉన్న మరొకరి పేరు తెలిస్తే, వాళ్లింటివాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడండి.